పది రూపాయల కార్డు, పదివేల కార్డు: ఆట ఒకటే, ధరల్లో ఇంత తేడా ఎందుకు?

అనంతపురం పాతూరులోనో సుభాష్ రోడ్డులోనో బొమ్మల దుకాణంలో అడిగితే, బంగారు రంగులో మెరిసిపోయే పోకెమాన్ కార్డుల కట్ట రెండు మూడు వందల రూపాయలకు దొరుకుతుంది. అందులో యాభైకి పైగా కార్డులుంటాయి. అదే పేరుతో పది కార్డులున్న చిన్న ప్యాకెట్‌కు ఆన్‌లైన్‌లో అంతకన్నా ఎక్కువే అడగవచ్చు. ఇక 2022లో గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కిన ఒకే ఒక్క పికాచు కార్డుకు అప్పట్లో పలికిన ధర 52 లక్షల 75 వేల డాలర్లు. పిల్లవాడి దృష్టిలో మూడూ పోకెమాన్ కార్డులే. డబ్బులు తీయాల్సిన నాన్నకు మాత్రం వీటిలో ఏది ఖరీదో, ఏది చవకో, ఏది మోసమో తేలదు.

2024 అక్టోబరు చివర్లో పోకెమాన్ టీసీజీ పాకెట్ అనే ఫోన్ ఆట విడుదలైంది. అందులో రోజూ ఉచితంగా ప్యాకెట్లు విప్పే వీలుంది. అలా విప్పి రుచి మరిగిన పిల్లలు, కాలేజీ విద్యార్థులు ఇప్పుడు చేత్తో పట్టుకునే కార్డులు కావాలంటున్నారు. తీరా కొన్నాక మరో చిక్కు బయటపడుతుంది. ఫోన్ ఆటలో 20 కార్డులు చాలు, కాగితం ఆటకు 60 కావాలి.

పోటీలకు వెళ్లే ఆలోచన లేకుండా, సాయంత్రం మిద్దె మీదో హాస్టల్ గదిలో మంచం మీదో కూర్చుని నలుగురు స్నేహితులు ఆడుకోవడానికి ఎంత ఖర్చవుతుంది, ఆ ఖర్చు ఎందుకవుతుంది అన్నదే ఇక్కడి విషయం. పెట్టుబడిగా కార్డులు కొనడం వేరే వ్యవహారం. చిక్కంతా ఆ రెంటినీ కలిపి చూడటంలోనే ఉంది.

ట్రంప్ కార్డులకూ వీటికీ ఉన్న తేడా

ట్రంప్ కార్డులు మనకు కొత్త కాదు. క్రికెటర్ల పరుగులు, కుస్తీ వీరుల ఎత్తు, బరువు పోల్చి ఎదుటివాడి కార్డు లాక్కునే ఆట అది. ఒక పెట్టె కొంటే ఆట మొత్తం ఇంటికి వచ్చినట్టే. ట్రేడింగ్ కార్డు ఆటలు అలా కాదు. వేలాది రకాల కార్డులు అచ్చయి ఉంటాయి. వాటిలోంచి ఎవరికి కావలసినవి వారు ఏరుకుని సొంత కట్ట కూర్చుకుంటారు. ఆ కట్ట పేరే డెక్. సగం ఆట ఈ ఏరుకోవడంలోనే ఉంది, దాదాపు ఖర్చంతా కూడా అక్కడే ఉంది.

ఈ పద్ధతికి ఆద్యుడు రిచర్డ్ గార్ఫీల్డ్ అనే అమెరికన్ గణితవేత్త. ఆయన రూపొందించిన మ్యాజిక్: ద గ్యాదరింగ్ 1993లో వచ్చింది. జపాన్‌లో పోకెమాన్ కార్డుల ఆట 1996లో, ఇప్పుడు మనం చూస్తున్న యు-గి-ఓ కార్డుల ఆట 1999లో మొదలయ్యాయి. పోకెమాన్‌లో డెక్ అంటే సరిగ్గా 60 కార్డులు, మ్యాజిక్ మామూలు ఆటలో కనీసం 60. రెండింటిలోనూ ఒకే పేరున్న కార్డు నాలుగుకు మించి పెట్టకూడదు. పోకెమాన్‌లో మామూలు ఎనర్జీ కార్డులకు, మ్యాజిక్‌లో మామూలు ల్యాండ్ కార్డులకు ఈ పరిమితి లేదు. అవి బండికి పెట్రోలులా ఎన్నైనా కావాలి కాబట్టి. యు-గి-ఓలో ప్రధాన డెక్ 40 నుంచి 60 కార్డులు, ఒక్కోటి మూడు వరకు. మ్యాజిక్‌లోనే కమాండర్ అనే మరో పద్ధతి ఉంది. అందులో 100 కార్డులు, మామూలు ల్యాండ్‌లు తప్ప ఏదీ రెండుసార్లు ఉండకూడదు.

ప్రతి కార్డుకూ ఒక అరుదుదనం ఉంటుంది. పోకెమాన్ కార్డు కింది మూలలో చిన్న వృత్తం ఉంటే అది సాధారణం, వజ్రం ఆకారముంటే మధ్యరకం, నక్షత్రముంటే అరుదు. మ్యాజిక్‌లో సాధారణ, మధ్య, అరుదు అనే మూడు మెట్ల పైన 2008లో మిథిక్ అనే నాలుగో మెట్టు చేరింది. అరుదంటే ప్యాకెట్లలో తక్కువగా వస్తుందని మాత్రమే అర్థం. ఆటలో బలమైనదని కాదు. దుమ్ముపట్టి పడివుండే అరుదైన కార్డులున్నాయి, ప్రతి డెక్‌లో కనబడే సాధారణ కార్డులూ ఉన్నాయి.

ఒకే కార్డులో రెండు ధరలు

మ్యాజిక్‌లో సోల్ రింగ్ అనే కార్డు ఉంది. 1993 నాటి తొలి ముద్రణ ప్రతి చేతికి రావాలంటే పెద్ద మొత్తమే పెట్టాలి. 2011 నుంచి కంపెనీ సిద్ధంగా కూర్చి అమ్ముతున్న కమాండర్ డెక్కుల్లో దాదాపు ప్రతిదానిలోనూ అదే సోల్ రింగ్ ఒకటి వస్తుంది. ఈ కొత్త ప్రతికన్నా ఆ పాత ప్రతి ధర వందల రెట్లు ఎక్కువ. ఆటలో రెండూ చేసే పని మాత్రం అక్షరం తేడా లేకుండా ఒకటే.

పోకెమాన్ కంపెనీ ఈ తేడాను పాత, కొత్త అనే వంక కూడా లేకుండా ఒకే విడుదలలో, అంటే ఒకే పేరుతో కలిసి వచ్చే కొత్త కార్డుల గుంపులో, పెడుతుంది. 2023లో వచ్చిన ఆబ్సిడియన్ ఫ్లేమ్స్‌లో చారిజార్డ్ ఈఎక్స్ అనే కార్డు మామూలు రూపంలో ఒకటి, కార్డంతా బొమ్మ పరుచుకున్న రూపంలో ఒకటి, చిత్రకారుడి ప్రత్యేక చిత్రంతో మరొకటి వచ్చాయి. దెబ్బ, శక్తి, నియమం అన్నీ అవే. బొమ్మ మారేకొద్దీ ధర ఎక్కడికో పోతుంది.

కార్డు ధరలో ఒక భాగం ఆటలో దాని పనికి, రెండో భాగం దాన్ని దగ్గర ఉంచుకున్నామన్న తృప్తికి అన్నమాట. సరదాగా ఆడేవాడికి మొదటి భాగం కొంటే చాలు. రెండో భాగాన్ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. బొమ్మ నచ్చి కొనడంలో తప్పేమీ లేదు. డెక్ కోసం కొంటున్నామనుకుంటూ బొమ్మకు డబ్బు కట్టడమే తిరకాసు.

ఈ రెండు ధరల మధ్య దూరాన్ని పెంచేదీ తగ్గించేదీ పునర్ముద్రణ. కంపెనీ ఒక కార్డును మళ్లీ అచ్చేస్తే ఆటగాడికి మేలు, దాచుకున్నవాడికి నష్టం. 1995లో మ్యాజిక్ పాత కార్డులను పెద్ద ఎత్తున మళ్లీ అచ్చేసినప్పుడు సేకర్తలు మండిపడ్డారు. దాంతో 1996లో, ఇక ఎప్పటికీ అచ్చువేయబోమంటూ ఒక జాబితా ప్రకటించారు. ఆ జాబితాలోని మంచి కార్డులు నేటికీ సామాన్యుడికి అందవు. కంపెనీ మాట నిలబెట్టుకుంది అనేవారున్నారు. కొత్తగా ఆటలోకి వచ్చేవారి ముఖాన తలుపు వేసింది అనేవారూ ఉన్నారు. రెండూ నిజమే. అదృష్టవశాత్తూ మిద్దె మీద ఆడే ఆటకు ఆ జాబితాలోని కార్డులు ఒక్కటి కూడా అక్కర్లేదు.

ప్యాకెట్ విప్పితే వచ్చేదెంత?

ఇక్కడ కొంచెం లెక్క చేయక తప్పదు. ఒక విడుదలలో 60 రకాల అరుదైన కార్డులున్నాయని, ప్యాకెట్‌కు ఒకటి వస్తుందని, అన్నీ సమానంగా వస్తాయని, ప్యాకెట్ 400 రూపాయలని అనుకుందాం. అసలు ప్యాకెట్లలో అమరిక ఇంతకన్నా గజిబిజిగా ఉంటుంది కానీ, ఈ లెక్కకు ఇది చాలు. మనకు వాటిలో ఒకే ఒక్క ఫలానా కార్డు కావాలి.

ఒక్క ప్యాకెట్‌లో అది వచ్చే అవకాశం 60లో 1. వచ్చే, రాకపోయే అవకాశాలు సమానం కావాలంటే 42 ప్యాకెట్లు విప్పాలి. అంటే 16,800 రూపాయలు. పోనీ, 60 రకాలున్నాయి కదా అని 60 ప్యాకెట్లు, అంటే 24,000 రూపాయలవి విప్పినా, ఆ కార్డు ఒక్కసారి కూడా కనబడకుండా పోయే అవకాశం 36 శాతానికి పైనే ఉంటుంది. చాలామంది నమ్మనిది ఇదే. ప్రతి ప్యాకెట్ కొత్త ప్యాకెట్టే, ఇంతకుముందు రాలేదు కదా అని తర్వాతి ప్యాకెట్ జాలిపడదు. డెక్‌లోకి ఆ కార్డు నాలుగు కావాలంటే సగటున 240 ప్యాకెట్లు. అదే కార్డును ఎవరైనా విడిగా 500 రూపాయలకు అమ్ముతున్నారనుకోండి, నాలుగింటికి 2,000.

అలాగని ప్యాకెట్ వైపు వాదన లేకపోలేదు. మిగిలిన కార్డులు వృథా కావు, సాధారణ కార్డులు డెక్‌లోకి వస్తాయి, అక్కర్లేనివి స్నేహితులతో మార్చుకోవచ్చు. ప్యాకెట్‌తోనే ఆడే ఆట ఒకటి ఉంది కూడా. మ్యాజిక్‌లో ఒక్కొక్కరు మూడు ప్యాకెట్లు తెచ్చుకుని, తలా ఒక కార్డు తీసుకుని మిగిలినవి పక్కవారికి అందిస్తూ పోతారు. అలా ఏరుకున్నవాటితో 40 కార్డుల డెక్ కట్టి అప్పటికప్పుడు ఆడతారు. అప్పుడు ప్యాకెట్ ఖర్చు ఆ సాయంత్రం వినోదానికి పెట్టిన ఖర్చు. ఏ కార్డు వచ్చిందన్నది రెండో సంగతి.

రాయలసీమ ఇళ్లలో కార్డులనగానే పెద్దలకు పేకాటే గుర్తొస్తుంది. ఇది జూదమా అని అడుగుతారు. ప్రశ్న అసందర్భమేమీ కాదు. 1993 నాటి మ్యాజిక్ తొలి నియమాల్లో పందెం ఉండేది. ఓడినవాడి కార్డు ఒకటి గెలిచినవాడికి పోయేది. ఆ నియమాన్ని తర్వాత వదిలేశారు. ఇవాళ ఆటలో పందెమేమీ లేదు. అదృష్టం మీద డబ్బు పెట్టే ఘట్టం ఏదైనా ఉందంటే అది ప్యాకెట్ కొనడమే. వీడియో గేముల్లో ఇలాంటి డబ్బు పెట్టి విప్పే పెట్టెలను బెల్జియం 2018లో జూదం కింద లెక్కగట్టింది. కాగితం ప్యాకెట్ల విషయంలో అభిప్రాయాలు ఇంకా రెండు రకాలుగానే ఉన్నాయి. ప్రతిసారీ చేతికి ఏవో కార్డులు వస్తాయి కాబట్టి జూదం కాదని ఒక వాదన. విప్పేటప్పుడు పిల్లల మనసులో జరిగేది అదే కదా అని మరొక వాదన. డెక్ కోసం విడి కార్డులే కొనే ఇంట్లో ఈ తగువే రాదు.

సిద్ధంగా కూర్చిన డెక్కులు

పెట్టె విప్పి నేరుగా ఆడుకునేలా కంపెనీలే డెక్కులు అమ్ముతాయి. మొదటిసారి ఆడేవారికి దాదాపు ఎప్పుడూ ఇదే చవక మార్గం. పోకెమాన్‌లో బ్యాటిల్ డెక్ పేరుతో 60 కార్డుల డెక్కులున్నాయి. లీగ్ బ్యాటిల్ డెక్ అంటే కాస్త గట్టి కార్డులున్నది, ధర కూడా ఎక్కువ. బ్యాటిల్ అకాడమీ పెట్టెలో మూడు డెక్కులు, ఆడే అట్ట కలిసే వస్తాయి కాబట్టి అన్నాచెల్లెళ్లిద్దరికీ విడివిడిగా కొనే పని ఉండదు.

పోకెమాన్ ప్రపంచ పోటీల్లో రాణించిన వారి డెక్కులను కంపెనీ యథాతథంగా అచ్చేసి, తక్కువ ధరకు అమ్ముతుంది. వాటి వెనుక వైపు వేరేగా ఉంటుంది కాబట్టి అధికారిక పోటీల్లో చెల్లవు. సేకర్తలు పెద్దగా పట్టించుకోరు. మనకు కావలసింది ఆటే కాబట్టి ఇంతకన్నా మంచి బేరం అరుదు. ఒక్కటే ఇబ్బంది, అవి ఆరితేరిన వారి డెక్కులు. కొత్తవాడికి ఎటు నుంచి నడపాలో తెలియడానికి కొన్నాళ్లు పడుతుంది.

యు-గి-ఓలో ఆటగాళ్లు ఒకే స్ట్రక్చర్ డెక్‌ను మూడు పెట్టెలు కొంటుంటారు. చూసేవారికి పిచ్చిగా అనిపిస్తుంది కానీ కారణముంది. ఒక పెట్టెలో ముఖ్యమైన కార్డు చాలాసార్లు ఒక్కటే ఉంటుంది, నియమం మూడు వరకు అనుమతిస్తుంది. మూడు పెట్టెలు కలిపితే ఒక గట్టి డెక్, మిగులుగా ఒక సంచెడు కార్డులు.

విడి కార్డులు అనంతపురం చేరేసరికి

విడి కార్డులు అమ్మే వ్యాపారులు ఎక్కువగా పెద్ద నగరాల్లో ఉంటారు. అనంతపురానికి బెంగళూరు, కర్నూలుకు హైదరాబాదు, రెండూ 44వ నంబరు జాతీయ రహదారి మీద రెండు వందల పైచిలుకు కిలోమీటర్ల దూరం. కాబట్టి ఇక్కడి వారికి కార్డు ధర ఒక్కటే ధర కాదు. పది రూపాయల కార్డు ఒకటి తెప్పించి కొరియర్‌కు 80 కడితే అది 90 రూపాయల కార్డు. సగటున 15 రూపాయల చొప్పున 12 కార్డులు తెప్పిస్తే 180, కొరియర్‌తో 260, అంటే కార్డుకు దాదాపు 22. ముగ్గురు స్నేహితులు కలిసి 36 కార్డులు ఒకేసారి తెప్పించుకుంటే మొత్తం 620, కార్డుకు 17 రూపాయల చిల్లర. పండక్కి బెంగళూరు నుంచి వచ్చే అక్క చేతికి ఇచ్చి పంపమంటే ఆ కొరియరూ మిగులుతుంది. ఖరీదైన కార్డు మీద కొరియర్ భారం తెలియదు, చవక కార్డుల మీదే తెలుస్తుంది. అందుకే చవక డెక్ కట్టేవారు విడతలు విడతలుగా కొంటే నష్టపోతారు.

ఒక వెయ్యి రూపాయల డెక్ కట్టి చూద్దాం. మ్యాజిక్‌లో కొత్తవారు పాటించే తేలికైన సూత్రం ఒకటుంది: 24 ల్యాండ్‌లు, తొమ్మిది రకాల కార్డులు నాలుగేసి, వెరసి 60. ఏడు రకాలు సాధారణ కార్డులు, ఒక్కోటి పది రూపాయలు అనుకుంటే 28 కార్డులకు 280. డెక్‌కు వెన్నెముకలాంటి రెండు రకాలు 60 రూపాయల చొప్పున, ఎనిమిదింటికి 480. ల్యాండ్‌లు రెండేసి రూపాయలైతే 48. మొత్తం 808, కొరియర్‌తో 888. ఈ ధరలు ఉదాహరణకు అనుకున్నవి, మీకు దొరికేవి వేరుగా ఉండొచ్చు. ఖర్చు ఎక్కడ పోగవుతోందో గమనించండి. 36 కార్డుల్లో ఎనిమిదింటికే సగానికి మించి పోయింది. ధర తగ్గించాలంటే చూడాల్సింది ఆ ఎనిమిదినే, పది రూపాయలవాటి దగ్గర బేరమాడి లాభం లేదు.

నాలుగేసి ఎందుకు, ఒకటి పెడితే చాలదా అనే సందేహం సహజం. 60 కార్డుల్లో ఫలానాది ఒక్కటే ఉంటే, మొదట పంచుకునే ఏడు కార్డుల్లో అది ఉండే అవకాశం 12 శాతానికి లోపు. నాలుగుంటే దాదాపు 40 శాతం. నాలుగు పెట్టిన డెక్ అనుకున్నట్టు నడుస్తుంది, ఒక్కొక్కటి పెట్టినది ప్రతిసారీ కొత్త దారి పడుతుంది. ఖరీదైన కార్డు ఒకటి కొని మురిసిపోయేకన్నా, అదే పనిని కాస్త తక్కువగా చేసే చవక కార్డు నాలుగు పెట్టడం చాలాసార్లు మేలు. కమాండర్‌లో ఏదైనా ఒకటే పెట్టాలి కాబట్టి అక్కడ ఈ లెక్క తిరగబడుతుంది. ఒక్కో కార్డు ఒక్కటి కొంటే చాలు, కానీ రకాలు మాత్రం అరవైకి పైగా వెతుక్కోవాలి.

అమెరికా, ఐరోపా వెబ్‌సైట్లలో కనబడే ధరను రూపాయల్లోకి మార్చి, ఇక్కడి వ్యాపారి దోచుకుంటున్నాడని తేల్చేయడం తొందరపాటు. పావు డాలరు కార్డు, డాలరు 90 రూపాయలనుకుంటే, 22 రూపాయల 50 పైసలు. ఇక్కడ 40 అడుగుతున్నారంటే అందులో దిగుమతి సుంకం, రవాణా, అమ్ముడుపోక మిగిలే సరుకు భారం ఉన్నాయి. అదే సమయంలో, ఇక్కడ ఆడేవారు తక్కువ కాబట్టి పెట్టెలకు పెట్టెలు విప్పిన వ్యాపారి దగ్గర సాధారణ కార్డులు గుట్టలుగా పడి, అక్కడి ధరకన్నా తక్కువకే దొరకడమూ ఉంది. ఇంకో సంగతి, అమ్మకానికి పెట్టిన ధర వేరు, నిజంగా అమ్ముడైన ధర వేరు. కార్డును లక్ష రూపాయలకు పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కార్డు స్థితి కూడా ధరను మారుస్తుంది. కొత్తదానిలా ఉన్నది, కాస్త వాడినది, బాగా వాడినది, దెబ్బతిన్నది అని వ్యాపారులు విభజిస్తారు. అంచు తెల్లబడినంత మాత్రాన ఆటకు వచ్చే లోటేమీ లేదు. కార్డుకు తొడిగే కవరులో పెట్టినా కనబడేంత మడత పడితే మాత్రం వద్దు, వెనుక నుంచే ఆ కార్డు ఏదో అందరికీ తెలిసిపోతుంది. మెరిసే ఫాయిల్ కార్డుల దగ్గర మన ఊరి వాతావరణాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. పైన మెరుపు పొర తేమను పట్టదు, కింద కాగితం పడుతుంది. గాలి పొడిబారితే కాగితం ముడుచుకుని కార్డు విల్లులా వంగుతుంది. అనంతపురం ఎండల్లో గాలి ఎంత పొడిగా ఉంటుందో చెప్పనక్కర్లేదు. మెరుపు లేని ప్రతి ఇక్కడ ఎక్కువకాలం తిన్నగా ఉంటుంది, చాలాసార్లు చవక కూడా.

కవర్లు, అంటే స్లీవులు, కొనేటప్పుడు కొలత చూడాలి. పోకెమాన్, మ్యాజిక్ కార్డులు 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 పొడవు. యు-గి-ఓ కార్డు 59, 86. మొదటి కొలత కవర్లలో యు-గి-ఓ కార్డు కదులుతుంది, రెండో కొలతలో పోకెమాన్ కార్డు దూరదు.

బంగారు కార్డులు, కలర్ జిరాక్సులు

రెండూ అసలువి కావు, కానీ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. అసలుదని నమ్మించి అమ్మేది నకిలీ. అసలుది కాదని అందరికీ తెలిసి, ఆటలో అసలు కార్డు స్థానంలో పెట్టుకునేది ప్రాక్సీ.

మొదట్లో చెప్పిన బంగారు కట్టలు నకిలీలు. కంపెనీ కొన్ని ప్రత్యేక పెట్టెల్లో లోహపు కార్డులు ఇచ్చిన మాట నిజమే కానీ, కట్టంతా బంగారు రంగులో యాభై కార్డులు ఎప్పుడూ అమ్మలేదు. పోల్చి చూస్తే తేడాలు తెలుస్తాయి. అక్షరాల ఆకారం తేడాగా ఉంటుంది, ఇంగ్లిష్‌లో రాసిన పోకెమాన్ పేరులో e అక్షరం మీద ఉండాల్సిన చిన్న గీత మాయమవుతుంది, వెనుక నీలం రంగు పాలిపోతుంది, కింద హక్కుల పంక్తి ఉండదు. అసలు కార్డు రెండు కాగితాల మధ్య ముదురు రంగు పొరతో తయారవుతుంది కాబట్టి దీపానికి అడ్డం పెడితే వెలుతురు అంతగా చొరబడదు. ఒక్క గుర్తుతో తేల్చేయకుండా రెండు మూడు చూడటం మంచిది.

పిల్లలాట కదా, నకిలీ అయితేనేం అని అడిగే తల్లిదండ్రులున్నారు. హక్కుల సంగతి కాసేపు పక్కన పెట్టి ఆట సంగతే చూద్దాం. ఆ కట్టలో ఉండేవన్నీ పెద్ద పెద్ద పోకెమాన్లు. వీమ్యాక్స్ అనే రకం కార్డును కింద పెట్టాలంటే ముందు అదే పోకెమాన్‌ది ‘వీ’ (V) అనే రకం కార్డు ఉండాలి, అది కట్టలో ఉండకపోవచ్చు. దెబ్బ కొట్టాలంటే ఎనర్జీ కార్డులు కావాలి, అవి దాదాపు ఉండవు. సాయపడే ట్రైనర్ కార్డులూ అంతే. కాబట్టి ఆ రెండు వందలతో ఆట మొదలే కాదు. పిల్లలు చివరకు అంకెలు పోల్చుకుని ట్రంప్ కార్డుల్లా ఆడుకుంటారు. దానికి అది పనికొస్తుంది, కాదనను.

ప్రాక్సీల మీద వాదన ఇంతకన్నా చిక్కనైనది. ఏ4 కాగితం మీద కార్డులు తొమ్మిది పడతాయి. పైన కట్టిన డెక్‌లో ల్యాండ్‌లు కాక 36 కార్డులు, అంటే నాలుగు కాగితాలు. కాగితానికి 20 రూపాయల చొప్పున రంగుల్లో తీయించి, కత్తిరించి, కవరులో మామూలు కార్డు ముందు దూర్చితే 80 రూపాయలతో 760 రూపాయల పని అయిపోతుంది. మ్యాజిక్ కంపెనీ 2016లో తన వైఖరి చెప్పింది: సొంతంగా ఆడి చూసుకోవడానికి, వ్యాపారం కాకుండా చేసుకునే కార్డుల జోలికి రాదు, కానీ తమ అధికారిక పోటీల్లో అవి చెల్లవు. అచ్చు వేసి అమ్మితే అది హక్కుల ఉల్లంఘనే. అదే కంపెనీ 2022లో ఆట 30 ఏళ్ల సందర్భంగా 15 కార్డుల ప్యాకెట్లు నాలుగు 999 డాలర్లకు అమ్మింది. వెనుక వైపు వేరు, అధికారిక పోటీల్లో చెల్లవు. అంటే ఒకరకంగా ప్రాక్సీలే. ఆటగాళ్లు అప్పుడు వేసిన ఛలోక్తులు ఇప్పటికీ చల్లారలేదు.

ప్రాక్సీలను ఒప్పుకునేవారు, డబ్బున్నవాడు కాక ఆట తెలిసినవాడు గెలవాలంటారు. ఒప్పుకోనివారు, అందరూ ఏ కార్డైనా జిరాక్స్ తీస్తే ఉన్నదాంతో డెక్ కట్టే ఆనందం పోతుందనీ, చిత్రకారుడికీ కంపెనీకీ దుకాణదారుకూ దక్కాల్సింది దక్కదనీ అంటారు. నాకు రెండో వాదనలో మొదటి సగం బలంగా కనబడుతుంది. వెయ్యి రూపాయల హద్దు పెట్టుకుని కట్టిన డెక్‌లో ఉండే చమత్కారం, హద్దే లేని డెక్‌లో ఉండదు. ఏదైనా ఆడే నలుగురూ ముందుగా ఒప్పుకోవాల్సిన విషయమిది, కార్డులు పంచాక తేల్చుకునేది కాదు.

కాగితం మీద అచ్చేసుకునే ఆట న్యాయంగా కావాలనుకుంటే దారి లేకపోలేదు. నెట్‌రన్నర్ అనే ఆటను ఇప్పుడు కొనసాగిస్తున్న నల్ సిగ్నల్ గేమ్స్ తమ కార్డులను అచ్చువేసుకునే ఫైళ్లుగా ఉచితంగానే ఇస్తుంది.

చవక డెక్ ఎవరితో ఆడటానికి?

888 రూపాయల డెక్ మంచిదా అని అడిగితే జవాబు ఎదుట కూర్చున్నవారిని బట్టి ఉంటుంది. నలుగురిలో ఒకడు పదివేలు పెట్టి డెక్ తెస్తే మిగతా ముగ్గురివీ ఒక్కసారిగా పాతబడతాయి. తర్వాతి వారం ఇంకొకడు పదిహేను వేలు పెడతాడు. సరదా బృందాల్లో ఖర్చు పెరిగేది ఎక్కువగా ఈ పోటీవల్లనే. దీనికి కొందరు డబ్బు హద్దు పెట్టుకుంటారు. కొందరు సాధారణ కార్డులతోనే ఆడతారు, మ్యాజిక్‌లో పాపర్ అనే ఈ పద్ధతికి 2019 నుంచి కాగితం ఆటలోనూ అధికారిక గుర్తింపు ఉంది. కమాండర్ ఆడేవారికోసం కంపెనీ 2025 ఫిబ్రవరిలో డెక్ బలాన్ని ఒకటి నుంచి ఐదు వరకు మెట్లుగా విభజించే పద్ధతిని ప్రయోగాత్మకంగా తెచ్చింది. అవి బలాన్ని చూసే మెట్లు, ధరను కాదు. చవకగా కట్టి పై మెట్టు ఎక్కించే ఘనులూ ఉంటారు.

పోటీల నియమాలను పట్టించుకోనక్కర్లేకపోవడం సరదా ఆటగాడికి పెద్ద ఆదా. పోకెమాన్ కార్డు కింద చిన్న అక్షరం ఒకటుంటుంది. పోటీలకు చెల్లుబాటయ్యేవి ఏవో ఆ అక్షరాన్ని బట్టి కంపెనీ నిర్ణయిస్తుంది. 2025 ఏప్రిల్‌లో ఎఫ్ అక్షరం ఉన్నవి ప్రధాన పోటీ విధానం నుంచి తప్పుకున్నాయి. అలా తప్పుకున్న కార్డుల్లో, అందమైన బొమ్మ లేనివి సాధారణంగా చవకవుతాయి. మిద్దె మీద ఆటకు అవి నిక్షేపంగా పనికొస్తాయి. ఎప్పుడైనా పోటీకి వెళ్లాలనుకునేవాడు మాత్రం ఆ అక్షరం చూసే కొనాలి, అతనికి నేటి చవక రేపటి దండగ.

ఇంకో వాదన, చవక కార్డులు పదిసార్లు కొనేకన్నా ప్రతి డెక్‌లో పనికొచ్చే మంచి కార్డు ఒకేసారి కొనడం మేలని. ఏళ్ల తరబడి ఆడేవారికి ఇది నిజమే కావచ్చు. కానీ 2024 సెప్టెంబరు 23న కమాండర్‌లో మానా క్రిప్ట్, జ్యూవెల్డ్ లోటస్, డాక్‌సైడ్ ఎక్స్‌టార్షనిస్ట్ లాంటి ఖరీదైన కార్డులను ఒక్కరోజున నిషేధించారు, వాటి ధరలు కుప్పకూలాయి. నిర్ణయం తీసుకున్న స్వచ్ఛంద బృందానికి బెదిరింపులు కూడా వచ్చాయి. కొద్ది రోజుల్లోనే ఆ బాధ్యతను కంపెనీకి అప్పగించి బృందం తప్పుకుంది. పది రూపాయల కార్డును నిషేధిస్తే ఎవరికీ నిద్ర పట్టకుండా పోదు.

తిరిగి అమ్మితే ఎంత వస్తుంది?

కొన్నవి మళ్లీ అమ్ముకోవచ్చు కదా అనే ధైర్యంతో ఎక్కువ పెట్టేవారున్నారు. ఖరీదైన కార్డుకు కొనేవాడు దొరుకుతాడు, అయితే వ్యాపారి తన లాభం చూసుకుని కొంటాడు కాబట్టి మార్కెట్ ధర మొత్తం చేతికి రాదు. నేరుగా ఇంకో ఆటగాడికి అమ్మితే ఎక్కువ వస్తుంది, కానీ అనంతపురం లాంటి ఊళ్లో ఆ కార్డే కావాలనుకునే ఆటగాడు దొరకడం కష్టం, బయటి ఊరికి పంపితే మళ్లీ కొరియర్ ఖర్చు, నమ్మకం సమస్య. సీలు తీయని డెక్ పెట్టె కొన్నాళ్లకు ధర పెరగవచ్చు, పెరగకపోనూవచ్చు. సీలు తీసి ఆడుకుంటే ఆ లెక్క అక్కడితో సరి.

మనం కట్టిన 888 రూపాయల డెక్‌లో 60 రూపాయల కార్డులు ఎనిమిదింటికి ఎంతోకొంత వస్తుంది. పది రూపాయలవి 28, రెండు రూపాయల ల్యాండ్‌లు 24 విడివిడిగా ఎవరూ కొనరు. అలాంటి కార్డులను వ్యాపారులు ఒక్కొక్కటి లెక్కపెట్టి కాక, వెయ్యికి ఇంత అని గంపగుత్తగా తీసుకుంటారు.